ఆంగ్లేయులమని చెప్పుకున్నవారు అమెరికన్లు ఎప్పుడయ్యారు?

సింగరేణి బిడ్డ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను గోదావరిఖని నుంచి వచ్చి రెండేళ్లుగా అశోక్‌నగర్‌లోని ఒక హాస్టల్లో ఉంటూ సివిల్స్ మెయిన్స్‌కు చదువుకుంటున్నాను. ప్రపంచ చరిత్రలో అమెరికా స్వాతంత్ర్య పోరాటం చదువుతున్నప్పుడు మొదలైన ఒక సందేహం నన్ను వారం రోజులుగా వదలడం లేదు. మా నోట్సులన్నింటిలోనూ కారణాల వరుస ఒకే తీరుగా ఉంటుంది: ఏడేళ్ల యుద్ధం, చక్కెర చట్టం, స్టాంపు చట్టం, టౌన్‌షెండ్ సుంకాలు, బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలను నీటిపాలు చేయడం, ఆ తరువాత 1776 జులై 4. పన్నుల వల్ల జనానికి కోపం ఎందుకు వచ్చిందో ఈ వరుస చెబుతుంది కానీ, కోపం వచ్చిన పదమూడు వలసల వారు తామంతా ఒకే జాతి అని ఎలా అనుకోగలిగారో చెప్పదు.

1763లో ఫ్రాన్సు మీద బ్రిటన్ గెలిచినప్పుడు బోస్టన్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ జనం దానిని తమ రాజుగారి గెలుపుగా, అంటే తమ గెలుపుగా పండుగ చేసుకున్నారు. అప్పటికి ఒక వలసకూ మరొక వలసకూ పోలిక తక్కువ. మసాచుసెట్స్ వారిది ప్యూరిటన్ మతం, చేపల వేట, ఓడల వ్యాపారం. వర్జీనియా పెద్దలవి బానిసల చెమటతో పండే పొగాకు తోటలు. దక్షిణ కరోలినాలో వరి, నీలిమందు. పెన్సిల్వేనియాలో సుమారు మూడింట ఒక వంతు జనం జర్మన్ సంతతి. సరిహద్దుల కోసం ఒకరితో ఒకరు తగవులాడుకున్న వలసలు కూడా ఉన్నాయి. పదమూడేళ్లు తిరిగేసరికి వీరందరూ ఒక్క ప్రకటన మీద సంతకాలు చేశారు. ఒక తరం కూడా మారలేదు. 1763లో రాజుకు జేజేలు పలికిన నోళ్లే 1776లో రాజును నిందించాయి.

ఈ పదమూడేళ్లలో వారి మనసుల్లో ఏమి జరిగింది? జాతి అనే భావన ముందే ఉండి పోరాటానికి దారి తీసిందా, లేక పోరాటమే జాతిని తయారు చేసిందా? పరీక్షకు కావలసిన జవాబు ఎలాగో రాసుకోగలను. విషయం అర్థం కావాలనే అడుగుతున్నాను. తెలిసిన పెద్దలు వివరించవలసిందిగా కోరుతున్నాను.

చిక్కడపల్లి మాస్టారు:

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కళాశాలలో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. నువ్వు అడిగిన రెండింటిలో నా ఓటు రెండవదానికే: పోరాటమే ఆ జాతిని తయారు చేసింది. అయితే ఎలా తయారు చేసిందో దగ్గరగా చూస్తే తప్ప ఆ మాటకు బలం రాదు.

వారు మొదట గొంతెత్తింది అమెరికన్లుగా కాదు, ఆంగ్లేయులుగా. తమ ప్రతినిధులు లేని సభ తమ మీద పన్ను వేయరాదన్నది ఇంగ్లండులో తాతల నాటి హక్కు. సముద్రం దాటి వచ్చి స్థిరపడినంత మాత్రాన ఆ హక్కు తమకు పోలేదని వారి వాదన. లండన్ మాత్రం వారిని సాటి ఆంగ్లేయులుగా చూడలేదు. దీనికి జార్జి వాషింగ్టన్ జీవితంలోనే ఒక ఉదాహరణ ఉంది. 1754లో ఆయన ఫ్రెంచి వారి మీద వర్జీనియా దళాన్ని నడిపిన కర్నల్. ఆ ఏడాదే ఆ దళాన్ని విడి విడి కంపెనీలుగా చేసి, దాని అధికారులకు కెప్టెన్ హోదా దాటనివ్వకూడదని, ఆ కెప్టెన్ కూడా రాజుగారి సైన్యంలోని కెప్టెన్ కంటే తక్కువేనని తేల్చారు. వాషింగ్టన్ రాజీనామా చేసి ఇంటికి వెళ్లిపోయాడు. తరువాత మళ్లీ వచ్చి పనిచేసి, తనను రాజుగారి సైన్యంలోకి తీసుకొమ్మని అడిగినా ఇవ్వలేదు. వలసలో పుట్టినవాడు ఎంత చేసినా వలసవాడే అన్నది ఆ తరం యువకులకు అనుభవంలోకి వచ్చిన సత్యం. 'అమెరికన్లు' అనే మాటను అందరికీ కలిపి ముందుగా వాడింది వారికంటే ఎక్కువగా బ్రిటన్ వారేనని, అందులో ఆదరం కంటే చిన్నచూపు ఎక్కువని గుర్తుంచుకో.

పైనుంచి ఐక్యత తెద్దామని చేసిన ప్రయత్నం ఫలించలేదు. అదే 1754లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పత్రికలో ఎనిమిది ముక్కలైన పాము బొమ్మ వేసి, 'కలవండి, లేదా చావండి' అని రాశాడు. ఆల్బనీలో ఏడు వలసల ప్రతినిధులు కూర్చుని ఉమ్మడి ప్రభుత్వానికి ఒక పథకం కూడా తయారు చేశారు. దానిని ఒక్క వలస చట్టసభ కూడా ఒప్పుకోలేదు. అంటే పదకొండేళ్ల తరువాత స్టాంపు చట్టం చేసిన పనిని ఫ్రాంక్లిన్ అంతటి మేధావి బుద్ధిబలంతో చేయలేకపోయాడు.

తరగతిలో ఈ పాఠం చెప్పే రోజున నేను వంద రూపాయల స్టాంపు కాగితం ఒకటి తీసుకుని వెళ్లి మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా చేతులు మార్పించేవాణ్ణి. ఇల్లు అద్దెకు తీసుకునే ప్రతివారి ఇంట్లోనూ ఉండే కాగితమే. అయినా పిల్లలు దాని మందం తడిమి చూసి, పైన ఉన్న ముద్రను వెలుగుకు పెట్టి చూసేవారు. అప్పుడు అడిగేవాణ్ణి: మీరు చదివే పత్రికకు, ఇంట్లో గోడకు వేలాడే పంచాంగానికి, రేపు మీరు తీసుకోబోయే డిగ్రీ పట్టాకు, చివరికి పేకముక్కల కట్టకు కూడా ఇటువంటి ముద్ర కావాలని, అది మీరు ఓటు వేయని సభ చెప్పిందని అనుకోండి, ఎలా ఉంటుంది? 1765 చట్టం సరిగ్గా అదే. డిగ్రీ పట్టాకు 2 పౌండ్లు, పేక కట్టకు ఒక షిల్లింగు, పాచికల జతకు 10 షిల్లింగులు. అదీ వారి దగ్గర దొరకడమే కష్టమైన బ్రిటన్ నాణెంలో. ఈ పన్ను తగిలిన వారెవరో చూడు: ముద్రాపకులు, న్యాయవాదులు, వర్తకులు, సత్రాల యజమానులు. ఊళ్లో అందరికంటే ఎక్కువ మాట్లాడేవారు, ఎక్కువ రాసేవారు, ఎక్కువ మందిని కలిసేవారు వారే. పైగా దెబ్బ పదమూడు వలసలకూ ఒకే రోజున, 1765 నవంబరు 1న, తగలబోతోంది. అంతకుముందు ఏ సంతోషమూ ఏ కష్టమూ వారందరికీ ఒకే తేదీన రాలేదు.

పత్రికలు అప్పుడు చేసిన పని గొప్పది. పెన్సిల్వేనియా జర్నల్ అనే పత్రిక అక్టోబరు 31 సంచికను నల్లని అంచులతో సమాధి రాయి ఆకారంలో అచ్చువేసి, స్టాంపు పడవలసిన చోట పుర్రె బొమ్మ వేసింది. ముద్రాపకులు ఒకరి పత్రిక మరొకరికి తపాలాలో పంపుకుని, అందులోని వార్తలను యథాతథంగా తమ పత్రికలో వేసుకునేవారు. ఈ పన్నును వ్యతిరేకిస్తూ వర్జీనియా చట్టసభ ఆ ఏడాది మే నెలలో చేసిన తీర్మానాలు అలా ఊరూరా తిరిగాయి. సభలో చివరికి నిలిచినవి నాలుగే. ఉత్తరాది పత్రికలు మాత్రం సభ రద్దు చేసినదాన్నీ, అసలు ఆమోదించని తీవ్రమైన వాటినీ కలిపి, అన్నీ వర్జీనియా మాటలే అన్నట్లు వేశాయి. వర్జీనియా వారే అంత ధైర్యం చేస్తే మనమెందుకు వెనకాడాలి అని రోడ్ ఐలండ్ వారు, మసాచుసెట్స్ వారు అనుకున్నారు. ఎన్నడూ చూడని ఊరి వాణ్ణి చదివి, వాడు నావాడే అనుకోవడం అలా అలవాటైంది. ఆ అక్టోబరులో న్యూయార్క్‌లో తొమ్మిది వలసల నుంచి 27 మంది కూడారు. వారిలో దక్షిణ కరోలినా నుంచి వచ్చిన క్రిస్టఫర్ గాడ్స్‌డెన్ ఆ డిసెంబరులో ఒక ఉత్తరంలో, ఈ ఖండం మీద న్యూ ఇంగ్లండు వాడు, న్యూయార్క్ వాడు అనే తేడా ఉండరాదని, అందరమూ అమెరికన్లమేనని రాశాడు. పదకొండేళ్ల ముందు ఎవరూ చెవిన పెట్టని మాట అది.

ఒక తేదీ చెప్పి ఆపుతాను. 1765 ఆగస్టు 14న బోస్టన్ జనం స్టాంపుల అధికారి దిష్టిబొమ్మను ఒక చెట్టుకు వేలాడదీశారు. ఆ చెట్టుకే తరువాత స్వేచ్ఛా వృక్షమని పేరు వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు, ఆగస్టు 12న, అలహాబాదులో షా ఆలం చక్రవర్తి బెంగాల్ దివానీని, అంటే అక్కడ పన్ను వసూలు చేసుకునే హక్కును, ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. మన ఉత్తర సర్కారులను, అంటే కోస్తా తెలుగు సీమను, కంపెనీకి రాసిస్తూ సనదు ఇచ్చినదీ ఆ నెలలోనే. మరుసటి ఏడాది నిజాం అలీ ఖాన్ కూడా ఒప్పందం మీద సంతకం చేశాడు. శ్రీకాకుళం నుంచి మచిలీపట్నం దాకా తెలుగువారు ఎవరి చేతిలోకి వెళుతున్నారో వారికే తెలియని వారంలో, అదే సామ్రాజ్యానికి అటు చివర ఉన్న వారు ఎదురు తిరిగారు.

నూలుపోగు:

మాస్టారు గారు కాగితం గురించి చెప్పారు కనుక నేను బట్ట గురించి చెబుతాను. మాది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. ఇప్పుడు కాచిగూడలో ఉంటున్నాము. మా నాయనమ్మ రాట్నం ముందు కూర్చుంటే కదురు మీద కండె నిండేదాకా లేచేది కాదు. ఒక్క మగ్గం ఆగకుండా ఆడాలంటే ఎన్నో రాట్నాలు తిరగాలని, నేసేవాడి కంటే వడికేవారి చేతులు ఎక్కువ కావాలని నాకు చిన్నతనంలోనే తెలుసు. అందుకే అమెరికా వారి దిగుమతుల బహిష్కరణ గురించి చదివినప్పుడు నా దృష్టి ముందుగా ఆడవారి మీదకు పోయింది.

1767లో టౌన్‌షెండ్ సుంకాలు, అంటే దిగుమతి సరుకుల మీద బ్రిటన్ వేసిన పన్నులు, వచ్చాక వలసల వారు బ్రిటన్ సరుకులు కొనబోమని ఒప్పందాలు రాసుకున్నారు. వర్తకులు కొనడం ఆపేస్తే చాలదు కదా, ఇంట్లో కట్టుకోవడానికి బట్ట ఎక్కడిది? అప్పుడు న్యూ ఇంగ్లండు (మసాచుసెట్స్, దాని చుట్టుపక్కల వలసలు) ఊళ్లలో ఆడవారు రాట్నాలు మోసుకుని పాదరి గారి ఇంటికి చేరి, తెల్లవారినప్పటి నుంచి సాయంత్రం దాకా పోటీపడి వడికి, చిలపలు లెక్కపెట్టి అప్పగించేవారు. ఊరి జనం చుట్టూ నిలబడి చూసేవారు. ఆ లెక్కలు పత్రికల్లో వచ్చేవి. 1768లో హార్వర్డ్ కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్న విద్యార్థులు ఇంట్లో నేసిన ముతక బట్టలు కట్టుకుని వేదిక ఎక్కారు. అంతకుముందు సన్నని ఇంగ్లీషు బట్ట పెద్దరికానికి గుర్తు. ఆ రోజు నుంచి ముతక బట్ట గౌరవానికి గుర్తయింది. ఖద్దరు చూసిన మన వారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

నాకు ముఖ్యంగా తోచిన సంగతి ఒకటి ఉంది. బోస్టన్ నుంచి చార్ల్స్‌టన్ దాకా ఈ మనుషులకు ఉమ్మడిగా ఉన్నది మతం కాదు, పంట కాదు. వారందరూ కొనే సరుకు. ఒకే ఇంగ్లీషు బట్ట, ఒకే పింగాణీ గిన్నె, ఒకే తేయాకు. అందుకే మానేయడం కూడా అందరికీ ఒకేసారి చేతనైంది. చట్టసభలో మాట్లాడే హక్కు లేని ఇల్లాలు సైతం పొద్దున్నే టీ కాచకపోవడం ద్వారా తాను ఏ పక్షమో చెప్పగలిగింది. 1774 అక్టోబరులో ఉత్తర కరోలినాలోని ఈడెంటన్ అనే ఊళ్లో 51 మంది స్త్రీలు తమ పేర్లతో సంతకాలు చేసి ఆ మాట బయటపెట్టారు.

టీ సంగతిలో మన ప్రస్తావన కూడా ఉందని చాలామందికి తెలియదు. 1773లో కంపెనీ గోదాముల్లో కోటిన్నర పౌండ్లకు పైగా బరువున్న తేయాకు అమ్ముడుపోకుండా ఉంది. దానిని అమెరికా మీద దించడానికే తేయాకు చట్టం చేశారు. ఆ చట్టం వల్ల టీ ధర నిజానికి తగ్గేది. అయినా వద్దన్నారు. ఆ నవంబరులో జాన్ డికిన్సన్ అనే న్యాయవాది మారుపేరుతో రాసిన కరపత్రంలో, బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోవడానికి కారణమైన ఈ కంపెనీ ఇప్పుడు మన మీద కన్ను వేసిందని హెచ్చరించాడు. డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెలు నీళ్లలో పడ్డాయి.

తార్నాక పాఠకురాలు:

పై రెండు జవాబులూ ఎంతో శ్రద్ధగా రాసినవి. అయితే వాటిని చదివినవారికి 1776 నాటికి ఒక జాతి తయారై కూర్చున్నదన్న అభిప్రాయం కలుగుతుందేమోనని నా భయం. నేను విశ్వవిద్యాలయంలో ఈ కాలం మీదనే పరిశోధన చేస్తున్నాను కనుక కొంచెం గట్టిగానే విభేదిస్తాను.

'నా దేశం' అని థామస్ జెఫర్సన్ రాసినప్పుడు చాలాచోట్ల ఆయన ఉద్దేశం వర్జీనియా. జాన్ ఆడమ్స్‌కు దేశమంటే మసాచుసెట్స్. స్వాతంత్ర్య ప్రకటన శీర్షికలో కూడా 'సంయుక్త' అనేది పేరులో భాగంగా కాక, పదమూడు రాష్ట్రాలకు విశేషణంగానే ఉంది. 1781లో అమలులోకి వచ్చిన సమాఖ్య నిబంధనలు (ఆ రాష్ట్రాల మొదటి ఉమ్మడి రాజ్యాంగం) తమ బంధాన్ని 'గట్టి స్నేహ కూటమి' అన్నాయే తప్ప అంతకు మించి అనలేదు. పన్ను వేసే అధికారం కూడా తమ ఉమ్మడి సభ అయిన కాంగ్రెస్‌కు ఇవ్వలేదు. ఒక జాతిగా తమను తాము నమ్మినవారు తమ ఉమ్మడి ప్రభుత్వం చేతులు అంతగా కట్టేస్తారా? కనుక 1776లో ఉన్నది జాతి కాదు, ఒక ఉమ్మడి శత్రువు ఎదుట చేతులు కలిపిన పదమూడు దేశాలు అనడమే సరైనదని నా అభిప్రాయం.

రెండవది, ఈ 'మేము' అనే మాటలో ఎవరు లేరో కూడా చూడాలి. అప్పటి జనాభా సుమారు 25 లక్షలు. అందులో దాదాపు 5 లక్షల మంది ఆఫ్రికా సంతతి బానిసలు. అయిదుగురిలో ఒకరు. 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు రాజు పక్షాన ఆయుధం పడితే స్వేచ్ఛ ఇస్తామని ప్రకటించగానే వందల మంది పారిపోయి అటు చేరారు. స్వేచ్ఛ వారికి రాజు వైపు కనిపించింది. ఆ ప్రకటన చూసి భయపడిన తోటల యజమానులు, అంతవరకు ఊగిసలాడినవారు కూడా, తిరుగుబాటు వైపు మొగ్గారు. స్వాతంత్ర్య ప్రకటనలో రాజు మీద మోపిన నేరాల జాబితా చివరన ఉన్నవి ఇవే: మా మధ్య తిరుగుబాట్లు రేపాడు, సరిహద్దుల మీదికి ఇండియన్లను ఉసిగొల్పాడు అని. అక్కడ ఆ ఆదివాసులను పేర్కొన్న తీరు చదివితే మనసు కలుక్కుమంటుంది. బోస్టన్‌లో టీ పారబోసినవారు మొహాక్ అనే ఆదివాసీ తెగ వేషం వేసుకున్నారు; ఇంగ్లండు వారం కాదు, ఈ నేల వారం అని చూపించుకోవడానికి ఆ వేషం కావలసి వచ్చింది. ఆరేళ్లు తిరగకముందే, 1779లో, సలివన్ నాయకత్వంలో అదే అమెరికన్ సైన్యం ఆ మొహాక్‌లు సభ్యులైన ఇరొక్వా కూటమి గ్రామాలను, నిలబడి ఉన్న మొక్కజొన్న చేలను తగలబెట్టింది.

పోరాటమే జాతిని తయారు చేసిందని మాస్టారు గారు అన్నారు. ఎవరిని బయట నిలబెట్టడం ద్వారా తయారైందో కూడా కలిపి చెబితేనే ఆ వాక్యం పూర్తవుతుంది.

సింగరేణి బిడ్డ:

అక్కా, మీరు రాసింది చదివాక నేను మొదట వేసిన ప్రశ్నే కొంత మారిపోయింది. జాతి లేదు, చేతులు కలిపిన పదమూడు దేశాలే అని మీరంటే, ఒక చిక్కు మిగులుతుంది. టీ పారబోసినందుకు 1774లో బ్రిటన్ మూయించింది ఒక్క బోస్టన్ రేవునే. శిక్ష పడింది ఒక్క మసాచుసెట్స్‌కు. నిజంగా వేరు వేరు దేశాలే అయితే మిగిలిన వారు తమ పని తాము చూసుకుని ఊరుకోవచ్చు కదా? ఎందుకు ఊరుకోలేదు? మాస్టారు సార్ కూడా దయచేసి చెప్పాలి.

చిక్కడపల్లి మాస్టారు:

మంచి ప్రశ్న వేశావు తల్లీ. ముందుగా తార్నాక నుంచి రాసిన అమ్మాయి చెప్పిన రెండవ విషయాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను; నా మొదటి జవాబులో అది లేకపోవడం లోపమే. మొదటి విషయం మీద మాత్రం, నువ్వు పట్టుకున్న చిక్కే నా జవాబు.

బ్రిటన్ లెక్క ఏమిటంటే, బోస్టన్‌ను ఒంటరిని చేసి శిక్షిస్తే మిగిలినవారు బెదిరి తప్పుకుంటారని. 1774 జూన్ 1న రేవు మూతపడింది. ఆ రోజున వర్జీనియాలో ఉపవాసం, ప్రార్థన జరపాలని అక్కడి చట్టసభ తీర్మానించింది. గవర్నరు ఆగ్రహించి సభనే రద్దు చేశాడు. దక్షిణ కరోలినా నుంచి బియ్యం, కనెక్టికట్ నుంచి గొర్రెల మందలు బోస్టన్‌కు వచ్చాయి. ఎవరి పొలంలో పండిన గింజ ఎవరి కంచంలోకి వెళ్లిందో ఆలోచించు. వారి పేర్లు వీరికి తెలియవు, వీరి ముఖాలు వారు చూడలేదు. ఆ సెప్టెంబరులో పన్నెండు వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కూడారు, జార్జియా ఒక్కటే రాలేదు. అక్టోబరు 20న వారు చేసిన ఒప్పందంలో, ప్రతి జిల్లాలోనూ ప్రతి పట్టణంలోనూ ఒక సంఘాన్ని ఎన్నుకుని, బహిష్కరణను ఉల్లంఘించినవారి పేర్లు పత్రికలో వేయాలని ఉంది. నా దృష్టిలో ఈ సంఘాలే అసలు కీలకం. అంతవరకు రాజకీయం పెద్దల వ్యవహారం. ఇప్పుడు చెప్పులు కుట్టేవాడు, కొలిమి నడిపేవాడు సంఘ సభ్యుడై, ఊరి షావుకారు దుకాణంలోకి వెళ్లి లెక్కల పుస్తకం తీయమన్నాడు. ఏ చట్టమూ ఇవ్వని ఆ అధికారం ఎవరి పేరు మీద వచ్చింది? మసాచుసెట్స్ పేరు మీద కాదు, వర్జీనియా పేరు మీద కాదు, అమెరికా పేరు మీద. రోజూ వాడవలసి రావడం వల్ల ఆ కొత్త పేరు నోటికి అలవాటైంది.

నిజమే, ఈ పని మెత్తగా జరగలేదు. ఒప్పుకోనివారిని వెలివేశారు, కొందరికి తారు పూసి ఈకలు అంటించి ఊరేగించారు. యుద్ధం ముగిశాక రాజభక్తులు సుమారు 60 వేల మంది దేశం విడిచి వెళ్లారు. ఫ్రాంక్లిన్ ఇల్లు చూడు. ఆయన బ్రిటిష్ సామ్రాజ్యాన్ని మనసారా ప్రేమించినవాడు. 1774 జనవరి 29న లండన్‌లో రాజుగారి సలహా మండలి అయిన ప్రివీ కౌన్సిల్ ఎదుట ప్రభుత్వ న్యాయవాది ఆయనను నిండు సభలో దొంగ అని దూషిస్తుంటే, సభికులు నవ్వుతుంటే, అరవై ఎనిమిదేళ్ల ఆ మనిషి ముఖంలో ఏ కదలికా లేకుండా గంటసేపు నిలబడ్డాడు. వెంటనే వలసల తపాలా అధిపతి పదవి ఊడింది. ఆ పెద్దమనిషి అమెరికన్‌గా తిరిగి వచ్చాడు. న్యూజెర్సీ గవర్నరుగా ఉన్న ఆయన కొడుకు విలియం మాత్రం రాజు పక్షానే ఉండిపోయి, జైలుకు వెళ్లి, చివరికి ఇంగ్లండు చేరాడు. తండ్రీకొడుకులు మళ్లీ మనసు కలిపి మాట్లాడుకోలేదు.

అవమానం ఒక సమూహానికి పేరు పెట్టగలదని మన హైదరాబాదులో విడిగా చెప్పాలా? 1921 నవంబరులో వివేకవర్ధినిలో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది, 1926లో గోలకొండ పత్రిక వచ్చింది, 1930లో జోగిపేటలో మహాసభ జరిగింది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో సంచిక వేసి సమాధానం చెప్పారు. అక్కడి పరిస్థితి వేరు, ఇక్కడి పరిస్థితి వేరు. రెండింటినీ ఒకే త్రాసులో వేయడం లేదు. ఎదుటివాడి ఎగతాళి, దానిని మోసుకుపోయే పత్రిక, కలిసి చేసిన పని, ఈ మూడూ ఒకచోట చేరినప్పుడు ఏమవుతుందో మన పెద్దలు చూసి ఉన్నారని మాత్రమే నా మాట.

ఇక రాజు సంగతి. 1775లో లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలిన తరువాత కూడా వారు జులైలో రాజుకు విన్నపం పంపారు. పార్లమెంటు చెడ్డదే గానీ రాజు తండ్రివంటివాడన్న నమ్మకం పోలేదు. రాజు దానిని తీసుకోకుండా ఆగస్టు 23న వారిని తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు. 1776 జనవరిలో థామస్ పెయిన్ రాసిన కరపత్రం ఆ చివరి పోగును కోసింది. పెయిన్ ఇంగ్లండు నుంచి వచ్చి అప్పటికి సుమారు పదమూడు నెలలే. అమెరికాకు తల్లి ఇంగ్లండు కాదు, యూరప్ అంతా అని ఆయన అన్న మాట పెన్సిల్వేనియా జర్మన్లకు, స్కాట్లాండ్, ఐర్లండ్ నుంచి వచ్చినవారికి ఎంత చోటు కల్పించిందో చూడు.

న్యూయార్క్‌లో గుర్రం మీద కూర్చున్న మూడవ జార్జి విగ్రహం ఒకటి ఉండేది. స్టాంపు చట్టాన్ని రద్దు చేసినందుకు కృతజ్ఞతగా ఆ ఊరివారే చెప్పి చేయించుకుని 1770లో నిలబెట్టుకున్నారు. సీసంతో చేసి బంగారు పూత పూసిన విగ్రహం. 1776 జులై 9న సైన్యానికి స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించిన సాయంత్రం జనం దానికి తాళ్లు కట్టి లాగి పడేశారు. ఆ సీసాన్ని కనెక్టికట్‌కు మోసుకెళ్లి 42,088 తుపాకి గుండ్లు పోశారు. ఆరేళ్లలో ఆ జనం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో ఆ లెక్క చెబుతుంది.

తిరుమలగిరి సుబేదార్:

నేను పుస్తకాలు ఎక్కువ చదివినవాణ్ణి కాను; సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి సికింద్రాబాదులో స్థిరపడ్డాను. అందరూ పత్రికలు, సంఘాలు అన్నారు గానీ సైన్యం మాట ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. 1775లో బోస్టన్ చుట్టూ చేరిన దళాలన్నీ దాదాపు న్యూ ఇంగ్లండు వారివే. వారి మీద వర్జీనియా వాడైన వాషింగ్టన్‌ను సేనాపతిగా నియమించారు. మొదట్లో ఆయనకు వారి పద్ధతి నచ్చలేదు, వారికి ఆయన దర్జా నచ్చలేదు. 1777–78 చలికాలంలో వ్యాలీ ఫోర్జ్ విడిదిలో సుమారు 2 వేల మంది జబ్బులతో చనిపోయారు. అక్కడికే ప్రష్యా నుంచి ఫాన్ స్టాయిబెన్ అనే అధికారి వచ్చి, అంతవరకు ఎవరికి తోచినట్లు వారు చేస్తున్న కవాతును తీసివేసి, అన్ని రాష్ట్రాల వారికీ ఒకే కవాతు నేర్పాడు. ఒకే ఆదేశానికి పదమూడు ఊళ్ల కాళ్లు కలిసి పడడం అంటే ఏమిటో కవాతు చేసినవారికే తెలుస్తుంది. ఆ సైన్యంలో యువ అధికారిగా పనిచేసి తరువాత ప్రధాన న్యాయమూర్తి అయిన జాన్ మార్షల్, అమెరికాను నా దేశంగా, కాంగ్రెస్‌ను నా ప్రభుత్వంగా భావించే అలవాటు నాకు అక్కడే పట్టుబడిందని రాసుకున్నాడు. ఇంట్లో కూర్చున్నవారికి వర్జీనియా దేశమై ఉండవచ్చు. ఒకే గుడారంలో చలికి వణికినవారికి కాదు.

తార్నాక పాఠకురాలు:

సుబేదార్ గారూ, మార్షల్ మాట గుర్తు చేసినందుకు ధన్యవాదాలు. నా వాదనలో ఆ చోట బలహీనత ఉందని ఒప్పుకుంటున్నాను. రాష్ట్రమే దేశమనుకున్నవారు, ఖండమంతా దేశమనుకున్నవారు ఇద్దరూ ఒకే కాలంలో ఉన్నారు, కొన్నిసార్లు ఒకే మనిషిలోనూ ఉన్నారు. వారిద్దరి తగవే 1787 రాజ్యాంగ సభ దాకా నడిచింది.

చెల్లీ, నీ నోట్సులో దీనిని కూడా చేర్చుకో. 1777 జనవరిలో, ప్రకటన వెలువడి ఆరు నెలలు గడిచిన తరువాత, ప్రిన్స్ హాల్ అనే స్వతంత్ర నల్లజాతి వ్యక్తి మరికొందరితో కలిసి మసాచుసెట్స్ చట్టసభకు ఒక విన్నపం ఇచ్చాడు. బ్రిటన్‌తో తగవులో అమెరికా ఏ సూత్రాల మీద నిలబడిందో, ఆ సూత్రాలే బానిసల తరఫున వెయ్యి వాదనల కంటే గట్టిగా మాట్లాడతాయన్నది దాని సారాంశం. తమను చేర్చుకోని 'మేము'లోకి తామే నడిచి వచ్చి తలుపు తట్టినవారు వారు. ఆ విన్నపాన్ని ఆ సంవత్సరం సభ ఆమోదించలేదు.